ఊరి పేరు

"తమదే ఊరండీ?" అని ఎవరైనా అడిగితే, నేను తడుముకోకుండా దగ్గరి పట్నం పేరు చెప్పేస్తాను. కొత్తపల్లి అంటే, "ఏ కొత్తపల్లి?" అని మళ్ళీ అడుగుతారు. ఆ బాధ ఎందుకని! "పుట్టిన ఊరి పేరు చెప్పుకోడానికి నామోషీ యేమిరా?" అనేవారు నాన్నగారు. ఆయన పోయారు గాని నా అలవాటు పోలేదు. మొన్న వేసవి సెలవుల్లో దాన్ని ఒక రాక్షసిబల్లి వదలగొట్టింది.

అమ్మాయి పోరు పడలేక హైదరాబాదులో బిర్లా సైన్సు కేంద్రానికి తీసుకువెళ్ళాను. లోపల కొండంత అస్థిపంజరం. పేరు 'కోటసారస్ యమన్‌పల్లియెన్సిస్'.

"నాన్నా, ఇందులో మన తెలుగుందే!" అంది పిల్ల.

తెలుగు ఎం.ఏ.ని గదా, విడగొట్టి చూశాను. మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున కోట అనే గ్రామం ఉంది. అక్కడి రాతిపొరలకు ఆ ఊరిపేరే పెట్టారు. దానికి గ్రీకు 'సారస్' తగిలించారు, అంటే బల్లి. ఎముకలు దొరికిన యమన్‌పల్లి అప్పటి ఆదిలాబాదు జిల్లాలోది. దానికి లాటిను తోక. 1988లో పి. యాదగిరిగారు పెట్టిన పేరిది. నా విద్యార్థి రాసి ఉంటే వైరిసమాసమని ఎర్రగీత గీసేవాణ్ణి!

అవే పొరల్లో దొరికిన ఇంకో బల్లికి 1975లో రవీంద్రుని పేరు కలిపి 'బారాపాసారస్ టాగోరై' అన్నారు. 'బారా పా' అంటే బెంగాలీలో పెద్దకాలు. దాని తొడ ఎముకే అయిదడుగులు దాటింది మరి.

పదిహేడు పద్ధెనిమిది కోట్ల సంవత్సరాల నాడు అక్కడ నదులూ, మడుగులూ ఉండేవి. వరద తెచ్చిన ఇసుకా, బంకమట్టీ చచ్చిన జంతువులను కప్పేశాయి. పొరమీద పొర పేరుకుని, బరువుకు బిగిసి రాయి అయింది. నీటిలోని ఖనిజాలు ఇంకి ఎముక కూడా రాయి అయింది. సున్నపురాతి పలకల్లో చేపలు పొలుసులతో సహా నిలిచిపోయాయి.

"యమన్‌పల్లి పెద్ద ఊరా నాన్నా?"

"కాదమ్మా, పల్లె."

"మన కొత్తపల్లిలాగానా?"

ప్రపంచంలో ఏ భాషవాడు ఆ జంతువును తలచుకున్నా ఆ పల్లె పేరు పలకవలసిందే. నాకు నాన్నగారు గుర్తుకొచ్చారు.

తిరుగు రైల్లో ఎదుటి పెద్దమనిషి అడగనే అడిగాడు, "తమదే ఊరండీ?" అని. అమ్మాయి నావంక చూసింది.

"కొత్తపల్లి" అన్నాను.

"ఏ కొత్తపల్లి?" అన్నాడాయన.

దిగవలసిన స్టేషను వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.