లైఫ్‌టైమ్ అంటే ఎవరి జిందగీ?

జెద్దాలో పదేళ్లు తినీ తినక జమ చేసిన కమాయీతో మా తమ్ముడు 2015 నాటి సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎక్స్5 కొన్నాడు. 95,000 కిలోమీటర్లు తిరిగిన బండి. మొహల్లా అంతా ముబారక్ చెప్పింది. నేను గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగాను.

"అది లైఫ్‌టైమ్ ఆయిల్ భాయిజాన్, మార్చక్కర్లేదంట."

ఎవరి జిందగీ? ఆయిల్‌దా, వారంటీదా? ఆ ఎనిమిది గేర్ల డబ్బాను తయారుచేసిన జర్మనీ జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లకు మార్చమంటోంది. వీడి బండికి కిలోమీటర్లూ నిండాయి, ఏళ్లూ నిండాయి. గేర్‌బాక్సు ఖరాబైతే లక్షల్లో మాట.

పని ఆసాన్ కాదు. మట్టం చూడ్డానికి పుల్ల ఉండదు. ఫిల్టరు కింది ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసుంటుంది, పాన్‌తో సహా మార్చాలి. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే మట్టం సరిచూడాలి. ఆ వేడి చూపే స్కానర్ లేకపోతే ఉస్తాద్ ఎంత హునర్‌మంద్ అయినా సలాం చెప్పి వచ్చేయడమే.

ఖర్చు విని తమ్ముడి మొహం ఫీకా పడింది. కొత్త అలాయ్ వీల్స్ కోసం దాచిన పైసలు ఇటు తిప్పాడు. అమ్మీని కర్నూలులో ఖాలా ఇంటికి తీసుకెళ్లే సఫర్ ఇంకో వారం జరిగింది.