కాయ కదల్లేదు!

"ఈ వయసులో ఫోన్లో ఆటలేమిటోయ్?" అని మావారు నవ్వుతుంటారు. నవ్వనివ్వండి!

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా అమ్మాయి నా ఫోన్లో లూడో కింగ్ పెట్టి ఇచ్చింది. ఒకరు ఆట తెరిచి కోడు పంపితే, మిగతావాళ్లు ఎక్కడున్నా అందులో చేరి ఆడొచ్చు. నాయుడుపేటలో నేను, గూడూరు, సూళ్లూరుపేట, శ్రీకాళహస్తిలో నాతో ఇంటర్ చదివిన ముగ్గురు. వంటిల్లు సర్దుకుని మధ్యాహ్నం రెండింటికల్లా కూర్చునేవాళ్లం. చిన్నప్పుడు గవ్వలతో ఆడిన అష్టాచమ్మాకు ఇది చెల్లెలే. అక్కడ అష్టో చమ్మో పడాలి, ఇక్కడ ఆరు పడాలి. అప్పుడే కాయ బయటికొస్తుంది. కాయను చంపితే అలకలూ అవే!

ఒకరోజు శ్రీకాళహస్తి స్నేహితురాలి నీలం కాయ కదల్లేదు. వంతు వస్తోంది, పోతోంది. "ఏందే, నిద్రపోయినావా?" అందామని ఫోన్ చేశాను. ఎత్తలేదు. భర్త పోయాక ఆమె ఒంటరిగానే ఉంటోంది. నాకు గుండె దడదడలాడింది. వెంటనే వాళ్ల పక్కింటావిడకు చేశాను. ఆవిడ వెళ్లి చూస్తే, వంటింట్లో చెమటలు కక్కుతూ కూలబడి ఉందట. అన్నం తినకుండానే షుగరు మాత్ర వేసుకుందట! స్పృహ ఉండబట్టి చక్కెర నీళ్లు తాగించారు. తేరుకుంది.

ఇప్పటికీ ఆడుతున్నాం. ఎవరు గెలిచారో సాయంత్రానికి గుర్తుండదు. నాలుగు రంగుల కాయలూ కదిలాయంటే నలుగురమూ బాగున్నామని ధీమా. మీకూ ఒంటరిగా ఉండే స్నేహితురాలు ఉంటే, రోజూ ఓ ఆటకు పిలవండి.