గడపకి రెండు దెబ్బలు

నడక నేర్చిన పిల్లలు గడప తగిలి పడితే మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. ఎత్తుకుని, కళ్ళు తుడిచి, "నా బంగారాన్ని కొడతావా? మళ్ళీ కొడతావా?" అంటూ గడపకి రెండు దెబ్బలు వేస్తారు. పిల్లాడి చెయ్యి పట్టుకుని వాడితో కూడా వేయిస్తారు. ఏడుపు ఠక్కున ఆగిపోతుంది. అందరూ చప్పట్లు.

మా ఇంట్లో ఈ వైద్యం అత్తయ్యది. బాబుకి నాలుగేళ్ళు, పాపకి ఏడాదిన్నర. మొన్న పాప వాడి జుట్టు పట్టుకుని లాగింది. ఆ వయసుకి అదో ఆట. వాడు దాని వీపు మీద రెండు వేసి, "నా బంగారాన్ని కొడతావా? మళ్ళీ కొడతావా?" అన్నాడు. తనని తానే బంగారం అనుకుంటూ! మాట అత్తయ్యదే, రాగం అత్తయ్యదే, చూపుడువేలు ఊపడం కూడా. నాకు నవ్వొచ్చింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే వాడు మా అందరి మొహాలూ చూస్తున్నాడు, చప్పట్లు ఎవరు కొడతారా అని. అప్పుడు ఆగింది నా నవ్వు.

డిగ్రీలో చదివిన సైకాలజీ పాఠం గుర్తొచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి నర్సరీ బడి పిల్లలు 72 మందితో ఆల్బర్ట్ బండూరా అనే ఆయన చేసిన ప్రయోగం, 1961లో అచ్చయింది. గాలి ఊదిన పెద్ద బొమ్మ, అడుగున బరువు ఉంటుంది కాబట్టి ఎంత కొట్టినా లేచి నిలబడుతుంది. కొందరు పిల్లల ముందు ఒక పెద్ద మనిషి దాన్ని సుత్తితో మోది, తన్ని, మాటలు అన్నారు. తర్వాత ఆ పిల్లలకి మంచి బొమ్మలు చూపించి, కాసేపు ఆడనిచ్చి లాగేసుకున్నారు, ఉక్రోషం రావాలనే. ఆ పైన ఆ గాలిబొమ్మ ఉన్న గదిలో వదిలారు. పిల్లలు సుత్తి అందుకున్నారు. కొందరైతే పెద్దలన్న మాటలే పొల్లుపోకుండా అన్నారు. ఆ కోపం చూడని పిల్లల్లో ఇది చాలా తక్కువ. కొట్టమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు సుమండీ. మన దగ్గర చెయ్యి పట్టుకుని మరీ నేర్పుతారు.

ఇదంతా అత్తయ్యకి చెప్పాను. "మావాణ్ణీ ఇలాగే పెంచాను, వాడు ఎవర్ని కొట్టాడు?" అన్నారు. అదీ నిజమే, మా ఆయన చీమకి కూడా హాని చేయరు. "మరి ఏడుపు ఎలా ఆపమంటావు?" అని కూడా అడిగారు.

"ఏడుపు ఆగేది మీరు ఎత్తుకోవడం వల్ల అత్తయ్యా, దెబ్బ వల్ల కాదు" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. బండూరా గారి వల్ల కాదని, "శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టే గడపని పిల్లాడితో కొట్టిస్తే ఎలాగండీ?" అన్నాను.

ఆ మాట దిగింది. మర్నాడు పాప పడితే మోకాలి మీద ఊది, "చూసుకుని దాటాలి తల్లీ" అన్నారు. బాబు కూడా వచ్చి ఊదాడు, కొంచెం ఉమ్ముతో సహా.

ఇక మామయ్యగారి సంగతి మిగిలింది. రిమోట్ పనిచేయకపోతే దాన్ని సోఫా చేతికేసి కొడుతూ ఒక మాట అంటారు, ఇక్కడ రాయలేను. బాబు ఆయన పక్కనే కూర్చుని చూస్తుంటాడు. ఆ వయసులో ఆయనకి నేనేం చెప్పగలను? నిన్న కొత్త బ్యాటరీలు నాలుగు కొని టీవీ పక్కన పెట్టాను.