అలమీద అడుగు నిలుపుట

చందనవెల్లికి సముద్రము మిక్కిలి దూరము. అనంతగిరి కొండలలో బుట్టిన మా మూసీనది సహితము సముద్రమును జేరవలెనన్న ముందుగా కృష్ణానదితో గలిసి, ఆ నది వెంట బోవలసినదే. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పిల్లలకు పెద్దనీరనగా ఉస్మాన్‌సాగరమును, హిమాయత్‌సాగరమును మాత్రమే. 1908వ సంవత్సరపు మూసీ వరదల పిమ్మట గట్టబడి, ఒకటి 1920లోను, రెండవది 1927లోను పూర్తియైన యీ జలాశయములలో గాలి వీచినపుడు లేచు అలలు గట్టురాళ్లను దడిపి ఊరకుండును. అట్టి ప్రాంతమునుండి మేము ఎనమండుగురము సంక్రాంతి సెలవులలో విశాఖపట్టణమునకు బోయి, ఋషికొండ తీరమున ఐదు దినములుండి, పలకపై నిలిచి అలమీద వచ్చు సర్ఫింగు అను విద్యను అభ్యసించితిమి. ఈ వార్త విన్న పెద్దలు కొందరు, "మెట్టసేద్యపు బిడ్డలకు సముద్రముతో నేమి పని?" యని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఐదు దినములలో మేము నేర్చినదంతయు పాదములు పెట్టుటనుగూర్చియే గనుక, ఆ పాదముల సంగతియే ఇచ్చట వ్రాయుచున్నాము. పని యున్నదో లేదో చదువరులు నిర్ణయింతురు గాక.

ఈ విద్యకు పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములోని ద్వీపములు. కుక్ అను నావికుని యోడలలో వచ్చిన జేమ్స్ కింగ్ అను నధికారి 1779లో హవాయి దీవివారు పలకలపై అలల నెక్కి వచ్చుట చూచి వ్రాసిన వర్ణనము 1784లో అచ్చుపడినది. 1820లో నచ్చటికి మిషనరీలు వచ్చిరి. వారిలో పలువురు ఈ యాటను మెచ్చలేదను మాట నిజము. మిషను పాఠశాల పత్రికలో నీ మాటను దాచుట మాకు ఉచితముగా దోచలేదు. అయితే ఆట క్షీణించుటకు అంతకంటె పెద్ద కారణము వెలుపలి యోడలతో వచ్చిన వ్యాధులవలన ఆ ద్వీపవాసులే వేలకువేలు నశించుట. ఆడువారు లేనిచోట ఆట యెట్లు నిలుచును? తరువాత దానిని లోకమునకు జూపినవాడు డ్యూక్ కహనమొకు. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో ఈతలో స్వర్ణపతకము గెలిచిన యీ హవాయి పురుషుడు, 1914-15 వేసవిలో ఆస్ట్రేలియాలోని సిడ్నీకడ ఫ్రెష్‌వాటరు తీరమున తానే కొయ్యతో పలక చేసికొని అలపై నిలిచి చూపెను. ఆ పలక నేటికిని అచ్చట భద్రముగా నున్నది. మనదేశమున కర్ణాటక తీరములోని మూల్కి గ్రామమున 2004 ప్రాంతమున ఈ విద్యకు శిక్షణకేంద్రము వెలసినది. టోక్యో ఒలింపిక్ క్రీడలలో, అనగా 2021లో, ఇది మొదటిసారి పోటీగా జరిగినది.

ఇక విషయమునకు వత్తము. అల వచ్చుచున్నదనిన నీరే పరుగెత్తి వచ్చుచున్నదని మనమనుకొందుము. లోతునందు నీరు చాలవరకు తన చోటనే చుట్టు దిరుగుచుండగా, కదలిక మాత్రమే ముందునకు సాగును. తీరము సమీపించి, నీటిలోతు అల యెత్తునకు ఇంచుమించు 1.3 రెట్లకు దగ్గినపుడు అల నిక్కి విరుగును. నిక్కిన అలకు ముందువైపున నొక వాలు ఏర్పడును. పలక జారునది ఆ వాలుమీదనే. నున్నని బండపై పిల్లలు జారునట్లే జారును. బండ కదలదు, అల కదలును, భేద మంతియే. మొదట నేర్చువారు ఎత్తైన అలకడకు బోరు. అది విరిగిన తరువాత నురుగై ఒడ్డునకు వచ్చు తెల్లనీటిలో, నడుములోతున నేర్తురు.

నేర్చువారి కిచ్చు పలక మెత్తని పైపూతతో ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవు, సుమారు రెండడుగుల వెడల్పు కలిగియుండును. తోకక్రింద చేపరెక్కలవంటి రెక్కలు గలవు. తోకకు గట్టిన త్రాటి రెండవ కొన మన వెనుక కాలి చీలమండకు గట్టుకొనవలెను. కావున నీటిలో దిగకమునుపే తన వెనుకకాలేదో, ముందుకాలేదో మనుష్యుడు తెలిసికొనియుండవలెను. దీనిని గురించి మేమెన్నడును ఆలోచించి యెరుగము. మా గురువు ఋషికొండ సమీపపు మత్స్యకారుల యింట బుట్టిన యువకుడు. ఆయన మమ్ము వరుసగా నిలువబెట్టి, వెనుకనుండి వచ్చి, చెప్పక మెల్లగా వీపుమీద నెట్టెను. పడకుండ ఆపుకొనుటకు ముందు ఏ కాలు పడునో అది ముందుకాలు. ఎడమకాలు ముందు పడువారిని రెగ్యులర్ అనియు, కుడికాలు ముందు పడువారిని గూఫీ అనియు అందురు. మాలో ఆరుగురు మొదటివారు, ఇద్దరు రెండవవారు. రెంటిలో ఎక్కువ తక్కువలు లేవు. ఎడమచేతితో వ్రాయువానిని మందలించునట్లు కుడికాలు ముందు పెట్టువానిని మందలింపరాదని ఆయన నవ్వుచు జెప్పెను.

మొదటి దినమంతయు మేము నీటిని తాకలేదు. ఇసుకలో పలక ఆకారమును గీసి, నడుమ నిలువుగీత గీసి, ఆ గీతపై బోర్లపండి లేచుటయే మా పని. అరచేతులను ప్రక్కటెముకల క్రింది భాగమునకు సరిగా, రొమ్ముకు ఇరుప్రక్కల పరచి యానించవలెను. పలక అంచులను పట్టుకొనరాదు, పట్టుకొన్నచో పలక ఒరుగును. చేతులతో దేహమునెత్తి, ఆ యెత్తిన సందులోనికి రెండు పాదములను ఒక్క ఊపున దెచ్చుకొనవలెను. మోకాళ్లపై లేచి తరువాత నిలుచుట తేలికగా దోచును గాని, ఆ రెండుమెట్ల జాగులో అల దాటిపోవును.

పాదము లెచ్చట పడవలెను? వెనుకపాదము రెక్కలకు బైభాగమున, లేక వానికి కొంచెము ముందు, పలకకు అడ్డముగా. ముందుపాదము పలక నడిమి భాగమున, ముక్కువైపునకు నేరుగా గాక, పూర్తిగా అడ్డముగను గాక, ఆ రెంటి నడుమ ఏటవాలుగా. రెండు పాదముల నడిమి వంపులును ఆ నిలువుగీతమీదనే యుండవలెను. నడుమ ఎడము భుజముల వెడల్పు, లేదా ఆపై కొంచెము. చెప్పుటకు ఇంతియే. కాని బెత్తెడు జరిగిననేమి యగునో నీటిలో దిగిన గాని తెలియదు. ముందుపాదము మిక్కిలి ముందునకు బోయినచో పలక ముక్కు నీటిలో గ్రుచ్చుకొని మనుష్యుని తలక్రిందుగా విసరును. వెనుకపాదముపై భారము హెచ్చినచో ముక్కు మీదికి లేచి, పలక ఆగిపోయి, అల తన దారిన తాను పోవును. గీతకు ప్రక్కగా అడుగు పడెనా, పలక ఆ ప్రక్కకే ఒరుగును.

మోకాళ్ల సంగతి వేరు. పడుదునని భయపడినవాడు పాదములను మిక్కిలి ఎడముగా బెట్టి, నడుము వంచి, ముందునకు వ్రాలి నిలుచును. చూచువారికి అతడు వంగియున్నాడు గనుక స్థిరముగా నున్నాడని తోచును. నిజమునకు అతని మోకాళ్లు బిగిసి, తల పాదములను దాటి ముందునకు బోయియుండును. వంగవలసినవి మోకాళ్లు, నడుము కాదు. వెనుక మోకాలు కొంచెము లోపలికి, ముందు మోకాలి వైపు తిరిగియుండవలెను. పిరుదులు దిగి, వీపు నిటారై, చేతులు తొడలకంటె కొంచెము పైన తేలియుండవలెను. ఇట్లున్నవాడు పాదములను కదల్పకయే, భారమును ముందుకాలిపైకి దెచ్చి వేగమును, వెనుకకాలిపైకి దెచ్చి మలుపును సాధింపగలడు. దృష్టి మాత్రము ఎన్నడును పాదములపై నుండరాదు. "కాళ్లకేసేటి చూస్తావమ్మా, ఒడ్డుకేసి చూడు" అని ఆయన దినమునకు ఎన్నిసారులు కేకవేసెనో లెక్కలేదు. చూపు క్రిందికి దిగినచో తల దిగును. తల వెంట భుజములును, వాని వెంట దేహమంతయు దిగును.

మెట్టసేద్యపు బిడ్డలకు దీనితో నేమిపని యన్న ప్రశ్నకు ఇచ్చట కొంత జవాబు దొరకినది. చెరువుక్రింది మడులలో నాటునకు ముందు, బురదను చదును చేయుటకు ఎడ్లకు గట్టిన పలకపై మనుష్యుడు నిలుచుట మా ప్రాంతమువా రందరు చూచినదే. దక్షిణ కన్నడ ప్రాంతపు కంబళ పందెములలో అట్టి పలకపై నిలిచి దున్నపోతులను తోలు విభాగమొకటి నేటికిని గలదు. అందులో నిలుచువానికి మోకాళ్లు సడలియుండుటయు, చూపు ఎడ్ల మూపులను దాటి గట్టుమీద నుండుటయు సహజముగా అబ్బును. మాలో నొక బాలికకు ఇది చిన్ననాటనే అబ్బినది. ఆమె తండ్రి పలకపై నిలిచి ఎడ్లను తోలుచుండగా, ఆమె ఆయన ముందు నిలిచి వచ్చెడిది. ఆ పొలము నేడు లేదు. చందనవెల్లి పొలములలో కొంతభాగము కర్మాగారముల వాడ యగుటలో అదియు బోయినది. ఎడ్లను అమ్మివేసిరి, పలక మాత్రము పశువులకొట్టము గోడకు ఆనించి యున్నదట.

ఆ తండ్రి ఆమెను ప్రయాణమునకు బంపుటకు మొదట నొప్పుకొనలేదు. నడుములోతు దాటనీయరాదను షరతుతో చివరిదినమున అనుమతి పత్రముపై వ్రాలు చేసెను. మొదటినుండి ఆమె మోకాళ్లను, చూపును చూచి గురువు మెచ్చుకొనెను. అయినను రెండవ దినమంతయు ఆమె నిలువలేకపోయెను. నిలిచిన ప్రతిసారియు ఒక క్షణమాత్రములో కుడికో యెడమకో పడెను. ఉప్పునీరు మ్రింగి, మోచేతులు గీచుకొని, సాయంకాలము ఎవరితోను మాటాడక కూర్చుండెను. మరునాడు గురువు ఆమెను ఇసుకలో నిలువబెట్టి చూచినపుడు కారణము తెలిసినది. మడి చదునుచేయు పలక ఎడ్లకు అడ్డముగా సాగును. దానిపై నిలుచువాని రెండు పాదములును ప్రక్కప్రక్కన, వ్రేళ్లు ముందునకు జూచుచు నుండును. ఒరుగకుండ కాచుటకు దాని పొడవే చాలును. పైగా చేతిలో పగ్గ ముండును. సముద్రపు పలక నిలువుగా సాగును; దానిపై అట్లు నిలిచినచో ఇరుప్రక్కల ఆధారము లేదు, పట్టుకొనుటకును ఏమియు లేదు. తండ్రి ముందు నిలిచి నేర్చిన మోకాళ్లు ఆమెకు సాయపడినవి, అదే చోట నేర్చిన పాదములు ఆమెను పడద్రోసినవి. గురువు ఆమె పిరుదులను, భుజములను ప్రక్కకు ద్రిప్పి, మొగమును మాత్రము ముందునకు ఉంచుమనెను. ఇసుకలో ముప్పదిమారులు అట్లు లేచిన పిమ్మట ఆమె నీటిలో దిగి, మూడవ ప్రయత్నమున నిలిచి, పలక ఇసుకను తాకువరకు వచ్చెను. తరువాత పలకనుండి దిగి నిలుచుండి, తన పాదములను అప్పుడు చూచుకొనెను. మేమందరము కేకలు వేసితిమి.

తీరమున సాయంకాలములయందు మత్స్యకారులు పడవలను ఇసుకపైకి లాగుచుండిరి. వెనుకటి కాలమున దుంగలను త్రాళ్లతో గట్టిన తెప్పలపై, మోకాళ్లమీద నిలిచియు, ఒక్కొక్కపుడు లేచి నిలువబడియు, విరుగుచున్న అలలను దాటి వేటకు బోయెడివారట. మా గురువు తాతగారు అట్టివారే. పలకపై విద్యను క్రొత్త సంగతిగా దలచువారికి ఈ మాట చెప్పవలెను.

తల్లిదండ్రులకు మరియొక మాట. విశాఖ తీరములలో ఒడ్డునుండి లోనికి లాగు ప్రవాహములవలన ఏటేట ప్రాణములు పోవుచున్నవి. వర్షకాలమున సముద్రము మరింత పొంగును. గురువులేక, త్రాడు లేక, ఈత రాక ఎవ్వరును పలక పట్టరాదు. అట్టి ప్రవాహమున జిక్కినవాడు దానికి ఎదురీదక, పలకను విడువక, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు బోవలెను. ఈ మాటను మాచేత ప్రతి ఉదయము వల్లింపజేసిరి.

తిరిగి వచ్చిన పిమ్మట మా పాఠశాల ఆవరణమున, గంటస్తంభము ప్రక్కను, సున్నముతో తొమ్మిదడుగుల పలకను గీసితిమి. చిన్నతరగతులవారు ప్రార్థన గంటకు ముందు దానిపై బోర్లపండి లేచుట ఆరంభించిరి; ఏ కాలు ముందనుదానిపై వారిలో వివాదములును బయలుదేరినవి. వార్షికోత్సవమునకు వచ్చిన ఆ బాలిక తండ్రి చాలసేపు నిలిచి చూచి, చెప్పులు విడిచి, పంచె పైకి దోపుకొని, ఆ గీతపై నడిమి భాగమున నిలుచుండెను. రెండు పాదములును ప్రక్కప్రక్కనే, వ్రేళ్లు ముందునకే యుండెను. మోకాళ్లు మాత్రము చక్కగా సడలియుండెను.

"ఏ కాలు ముందు పెట్టాలె, బిడ్డా?" యని యడిగెను.

ఆమె సమాధానము చెప్పక, చప్పుడు చేయకుండ ఆయన వెనుకకు నడచెను.