తలుపుకూ తాళానికీ మధ్య

సెల్యులార్ జైలుకు వచ్చినవాళ్లు టికెట్టు తీసుకుని ముందుగా నడిమి బురుజెక్కుతారు. మాస్టారు మాత్రం కింది అంతస్తులో ఒక సెల్లు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అండమాన్‌లో శిక్ష అనుభవించిన తెలుగువాళ్ల మీద రానున్న ఒక పుస్తకానికి టైటిల్ పేజీ బొమ్మ ఆయనది. ఆ పని చూద్దామని నేనూ వెంట వచ్చాను.

అట్టమీది బొమ్మ దుకాణంలో పదిమందినీ పిలవాలి; దానికి రంగుల సాయం ఉంటుంది. టైటిల్ పేజీకి నల్లసిరా ఒక్కటే దిక్కు. అందుకే ఏం వదిలెయ్యాలో తేల్చుకోవడమే సగం పని.

ఆయన నోటుబుక్కులో అన్నీ అగ్గిపెట్టెంత రఫ్‌లు. మొదటిది పబ్లిషరు అడిగిన బొమ్మ: బురుజు, దాన్నుంచి ఏడువైపులా సాగిన భవనాలు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేసిన ఆ ఏడింటిలో నేడు మిగిలినవి మూడే. పడగొట్టిన చోట గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి నడుస్తోంది. "ఇది ఆకాశంలోంచి చూసేవాడి బొమ్మ. లోపలున్నవాడికి ఇదంతా ఎక్కడ కనబడుతుంది?" అని దాన్ని కొట్టేశారు. నిజమే. ఒక భవనం ముఖం పక్క భవనం వీపువైపు ఉండేట్టు కట్టారు, ఖైదీకి ఖైదీ కనబడకూడదని.

రెండో రఫ్‌లో గది, వెనకగోడకు పైనెక్కడో చిన్న కిటికీ, అందులోంచి వెలుగు. "జైలు పుస్తకాలన్నిటికీ ఇదే బొమ్మ" అని అదీ పక్కనపెట్టారు.

మూడోది గడియ. ఇనుపచువ్వల తలుపు నుంచి కమ్మీ గోడ వెంబడి పోయి, గోడలో తొలిచిన గూట్లో ఆగుతుంది. తాళం పడేది అక్కడ. "లోపల్నుంచి చెయ్యెట్టి సూడండి బాబూ, అందితే ఒట్టు!" అన్నాడు అటుగా వచ్చిన శ్రీకాకుళం మనిషి. చువ్వల సందులోంచి భుజందాకా చాచాను. వేళ్లకు గోడే తగిలింది.

"మనిషిని వెయ్యరా?" అనడిగాను. పుస్తకంలో అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర ఉన్నాడు. శిక్ష ముగిశాక ఆయన 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారి ఉన్నాడు. "ఒకరి మొహం వేస్తే మిగతావాళ్లు అలుగుతారోయ్" అని నవ్వారు మాస్టారు.

గడియను పేజీకి అడ్డంగా సాగదీసి, గూటిలో మాత్రం అడ్డగీతలతో నీడ వేశారు. అచ్చు సైజుకు ఒకటిన్నర రెట్లు పెంచి ట్రేసింగ్ పేపరు మీదికెక్కించాకే సిరా పని. బొమ్మను తగ్గించి అచ్చువేస్తే గీతలు దగ్గరపడి నీడ ముద్దకడుతుంది గనక, గూటి దగ్గర గీతలు పలచగా ఉండాలని అంచున రాసుకున్నారు.

"మరి పుస్తకం పేరు?"

తలుపుకూ తాళానికీ మధ్య వదిలిన గోడను పెన్సిలు మొనతో చూపించారు. "ఇక్కడ. చదివేవాడి కన్ను పేరు దాటకుండా తాళం దగ్గరికి పోకూడదు."