ఏడ తెగింది?

నాలుగో తీగ కూడా తెగిన రోజు, ఇక వీణ మానేద్దామనుకున్నాను.

ఫస్ట్ సెమిస్టర్ మ్యాథ్స్‌లో నాకు బ్యాక్‌లాగ్ వచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పిన సాయంత్రం నుంచే రోజుకు మూడు గంటల ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ఒక్కటైనా బాగా వచ్చు అనిపించుకోవాలి కదా! కాలేజీ ఫెస్ట్‌కి పేరు కూడా ఇచ్చేశాను. నెల తిరగకముందే సారణి తీగ మూడుసార్లు తెగింది. వీణ తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా: ఏడు తీగల్లో పాట ఎక్కువగా పలికేది ఆ మొదటి తీగ మీదే.

అమ్మ వంటింట్లోంచి, "తీగ తెగుడు మంచిది కాదంటరు. కొన్ని రోజులు ఆపరాదు?" అంది. ఆమె భయం శకునం గురించి కాదు, పరీక్ష గురించి. నా భయం వేరే. నా చెయ్యే మొరటుదేమో, నాకు సంగీతం కూడా రాదేమో అని. అప్పట్నుంచి భయపడుతూ మీటాను. గమకాలు సగం లాగి వదిలేశాను. పాట పలకలేదు. అయినా నాలుగోది తెగింది.

ఇంజనీరింగ్ కదా, లెక్క వేశాను. తీగ ఫ్రీక్వెన్సీ టెన్షన్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. స పలికే మెట్టు మీదే తీగను పక్కకు లాగి అంతర గాంధారం పలికిస్తే ఫ్రీక్వెన్సీ 1.25 రెట్లు, అంటే టెన్షన్ దాదాపు 1.56 రెట్లు. గంటలో అలా ఎన్ని వందల సార్లు లాగుతామో! ఒక్కసారికి తెగని లోహం కూడా మళ్లీ మళ్లీ పడే బరువుకు అలసిపోయి తెగుతుంది. దీన్నే ఫెటీగ్ అంటారు. 19వ శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద దీన్ని పరీక్షించి చూపించాడు. పియానోలదీ ఇదే కథ. లిస్ట్ వాయిస్తుంటే కచేరీలోనే తీగలు తెగేవి. ఇప్పటి పెద్ద పియానోల్లో ఇనుప ఫ్రేమ్ దాదాపు 20 టన్నుల లాగుడును మోస్తుంది. అయినా రోజూ గంటలకొద్దీ వాయిస్తే తీగలు తెగుతూనే ఉంటాయి.

లెక్క కరెక్టే. కానీ నా భయం పోలేదు. వాయిస్తే తెగుతుంది, అంతేనా?

మా తాత సిద్దిపేట గొల్లభామ చీరలు నేసినాయన. కళ్లు సరిగ్గా కనబడక మగ్గం దిగాడు. నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఒకటే అడిగాడు.

"ఏడ తెగింది బిడ్డా?"

"సారణి తీగ, తాతా."

"ఏ తీగ అని కాదు. ఏడ?"

తెగిన తీగలు డబ్బాలోనే ఉన్నాయి. ఒక్కోటి తీసి వీణ మీద పరిచి చూశాం. నాలుగూ ఒకే మెట్టు దగ్గర తెగాయి. తాత ఆ మెట్టు మీద గోరుతో మెల్లగా గీశాడు.

"ఇగో, గాడి పడ్డది. అచ్చుల పన్ను గరుకైతే ఎంత మంచి పోగైనా ఆడ్నే తెగుతది. పోగును తిడితే ఏమొస్తది?"

మా వీణ సెకండ్‌హ్యాండ్‌ది, నాకంటే పెద్దది. ఇత్తడి మెట్టు మీద ఉక్కు తీగ ఏళ్ల తరబడి రుద్దుకుని గాడి పడింది. లాగిన ప్రతిసారీ తీగ ఆ అంచు మీదే వంగుతోంది. బరువంతా ఒక్క చోటే పడుతోంది. నేను వేసిన లెక్కలో ఈ "ఎక్కడ" అనేదే లేదు!

టీచర్‌కి చెప్తే ఆ మెట్టు నున్నగా చేయించారు. ఫెస్ట్‌లో గమకాలు పూర్తిగా లాగి వాయించాను. బహుమతి రాలేదు. ఐదో తీగ రెండు నెలలు నిలిచి, ఒకరోజు బిరడ దగ్గర తెగింది. ఈసారి ఏడుపు రాలేదు. తీగ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది.

బ్యాక్‌లాగ్ ఇంకా ఉంది. మొన్న పాత ప్రశ్నపత్రం ముందేసుకుని, "నాకు మ్యాథ్స్ రాదు" అనుకోకుండా, ఏడ తెగిందో వెతికాను. మాట్రిసెస్‌లో కాదు. ఇంటర్‌లో అర్థం కాకుండానే దాటేసిన ఇంటిగ్రేషన్ దగ్గర.

అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాను.