కుటుంబ నియంత్రణ పాటిస్తున్నా నెల తప్పితే?

"నెల తప్పింది డాక్టరుగారూ" అంటూ బెదురుగా వచ్చే స్త్రీలను మా ఓ.పి.లో వారానికి నలుగురైదుగురినైనా చూస్తుంటాను. గర్భం రాకుండా మందో మాత్రో వాడుతున్నవారే వీరంతా. నేను ముందుగా అడిగేది ఒక్కటే: "ఏం వాడుతున్నావమ్మా?" ఎందుకంటే ఒక పద్ధతి వాడేవారికి ముట్టు రాకపోవడం సహజం. మరొక పద్ధతి వాడేవారికి అదే ప్రమాద సూచన కావచ్చు.

ముట్టు రాకపోతే చెడు రక్తం కడుపులో పేరుకుపోతుందని మన ఇళ్ళలో ఒక అపోహ ఉంది. గర్భాశయం లోపలి పొర నెలనెలా మందంగా తయారై, గర్భం నిలవనప్పుడు ఊడి బయటికి వస్తుంది. అదే ముట్టు. మందు ప్రభావంవల్ల ఆ పొర పలుచగా ఉండిపోతే బయటికి రావలసిందీ ఉండదు, లోపల నిలవ ఉండేదీ ఉండదు.

2017 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్న 'అంతర' ఇంజెక్షన్ విషయంలో జరిగేది ఇదే. మూడు నెలలకొకసారి తీసుకునే ఈ సూదిమందుతో మొదట్లో ఎప్పుడంటే అప్పుడు కొద్దికొద్దిగా ఎరుపు కనిపించవచ్చు. ఏడాది వాడేసరికి సుమారు సగంమందికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది. తేదీ తప్పకుండా సూదిమందు తీసుకుంటున్నవారు భయపడనక్కరలేదు.

ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, ముట్టు ఆగిందని అత్తగారు హడలగొడితే రెండు సూదులతో మానేసింది. ముట్టు రానప్పుడు గర్భం మాత్రం ఎలా వస్తుందిలే అని ధైర్యంగా ఉండిపోయింది. ఏడాది దాటాక కడుపులో గ్యాస్ అంటూ మా దగ్గరికి వచ్చింది. పరీక్షచేస్తే అయిదో నెల! మందు ప్రభావం తగ్గాక ముందు అండం విడుదలవుతుంది, ముట్టు ఆ తర్వాతే వస్తుంది. కనుక సూదిమందు మానినవారు ముట్టు కోసం ఎదురుచూడకుండా వెంటనే మరో పద్ధతి మొదలుపెట్టాలి.

'మాలా-ఎన్' ప్యాకెట్టులో 28 మాత్రలుంటాయి. 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు. ఇనుము మాత్రలు వేసుకునే రోజుల్లో ముట్టు వస్తుంది. ఒక్కొక్క నెల చుక్కలుగా వచ్చి ఆగిపోవచ్చు, అసలు రాకనూ పోవచ్చు. ఒక్క మాత్రా మరువకుండా వేసుకున్నవారు కొత్త ప్యాకెట్టు మొదలుపెట్టవచ్చు. కాని వరసగా రెండు నెలలు రాకపోయినా, మధ్యలో మాత్రలు మరిచినా, వాంతులూ విరేచనాలూ అయినా పరీక్ష చేయించుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. అది వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

'ఛాయ' మాత్రలో హార్మోను లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు ఇది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. మొదటి నెలల్లో ముట్టు ఆలస్యం కావడం మామూలే. అయితే 15 రోజులు దాటితే పరీక్ష అవసరం. అత్యవసర మాత్ర వేసుకున్నవారికి తేదీ కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. వారం దాటితే మాత్రం ఊరుకోకూడదు.

ఇక కాపర్-టి. ఇది అండం విడుదలను ఆపదు కనుక ముట్టు మామూలుగానే రావాలి, కొందరికి ఎక్కువగా కూడా అవుతుంది. కాపర్-టి ఉన్నవారికి, ట్యూబెక్టమీ ఆపరేషన్ అయినవారికి గర్భం రావడం అరుదు. కాని వస్తే అది గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. నెల తప్పి, పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కొద్దిగా ఎరుపు, కళ్ళు తిరగడం, భుజం నొప్పి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ట్యూబు పగిలితే కొద్ది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. 'నిశ్చయ్' కిట్టు ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. ఉదయం మొదటి మూత్రంతో చూసుకోవాలి. రెండు గీతలు వస్తే గర్భం, ఒకటే వస్తే కాదు. ఒకటే వచ్చినా ముట్టు రాకపోతే వారం తర్వాత మళ్ళీ చూడాలి. అప్పుడూ లేదని తేలితే థైరాయిడ్ లోపం, బరువులో మార్పు, పిల్లకు పాలివ్వడం, నలభై దాటిన వయసు, మనోవ్యథ వంటి కారణాలను డాక్టరు విచారిస్తారు.

బొప్పాయి తినడం, నువ్వులూ బెల్లం దంచుకు తినడం, వీటితో రోజులు గడపవద్దు. "నెల వచ్చే మాత్రలు" అంటూ మందుల షాపులో అడిగి మింగడం మరీ ప్రమాదం. ట్యూబులో గర్భాన్ని ఆ మాత్రలు తొలగించలేవు. కుటుంబ నియంత్రణ విఫలమై వచ్చిన గర్భం వద్దనుకుంటే తీయించుకునేందుకు చట్టం అవకాశమిస్తోంది. 2021 సవరణ తర్వాత ఇది పెళ్ళికాని స్త్రీలకూ వర్తిస్తుంది. 18 ఏళ్ళు నిండిన స్త్రీ సంతకం చాలు, భర్త సంతకం అక్కరలేదు. ఎంత త్వరగా వస్తే అంత క్షేమం.

మీరు వాడే పద్ధతి పేరు, మొదలుపెట్టిన తేదీ, ముట్టు వచ్చిన తేదీ గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఆ తేదీలు, ప్యాకెట్టు వెంట తెచ్చుకోండి. సగం వైద్యం అక్కడే సులువవుతుంది.